బస్సులో ఆగగలిగినవారు ఇంట్లో ఆగలేరా?

మీకు రోజుకు పదిహేను సిగరెట్లు అలవాటనుకోండి. హైదరాబాదులో విజయవాడ బస్సెక్కారు. సూర్యాపేట వచ్చి బస్సు ఆగేదాకా రెండున్నర, మూడు గంటలపాటు మీ జేబులో పెట్టె అలాగే ఉంటుంది. కిటికీలోంచి పొలాలు చూస్తారు, పక్కాయనతో రాజకీయాలు మాట్లాడతారు, ఓ కునుకు తీస్తారు. సిగరెట్టు లేదని మీకు చెమటలు పట్టవు, కళ్ళు తిరగవు. తీరా డ్రైవరు బస్సును హోటలు వైపు తిప్పగానే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. బస్సు పూర్తిగా ఆగకముందే మెట్ల మీద నిలబడి ఉంటారు. రెండు నిమిషాల కిందట లేని తహతహ ఒక్కసారిగా ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే సిగరెట్టు మానడంలో సగం పని అయినట్టే. అందుకే ముందుగా దాని సంగతి చెబుతాను.

పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. నరానికి సూది వేసినా ఇంత త్వరగా చేరదు. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అప్పుడు మెదడు మళ్ళీ కావాలంటుంది. ఇది శరీరం అడిగే బాకీ. దీనికి తోడు అలవాటు అడిగే బాకీ ఇంకొకటి ఉంది. కాఫీ తాగగానే ఒకటి, భోజనం కాగానే ఒకటి, ఫోను మోగితే ఒకటి, ఆఫీసరు చీవాట్లు పెడితే ఒకటి. నిజానికి ఈ రెండో బాకీయే పెద్దది. ఇజ్రాయెల్‌లో విమానాల్లో పనిచేసే సిబ్బంది మీద జరిపిన ఒక పరిశీలన 2010లో వెలువడింది. పొగ తాగే అలవాటున్నవారిని నాలుగైదు గంటల ప్రయాణంలోనూ, పదీ పన్నెండు గంటల ప్రయాణంలోనూ మధ్యమధ్య ‘ఇప్పుడెంత తహతహగా ఉంది?’ అని అడిగారు. ఎన్ని గంటలైంది అన్నదాన్ని బట్టి కాక, విమానం దిగడానికి ఎంతసేపుంది అన్నదాన్ని బట్టే తహతహ పెరిగింది. చిన్న ప్రయాణంలో నాలుగో గంటకు పీక్కుపోయిన మనిషే, పెద్ద ప్రయాణంలో అదే నాలుగో గంటకు నిమ్మళంగా ఉన్నాడు. కుదరదని తెలిస్తే మనసు అడగడం మానుకుంటుంది. కుదురుతుందని తెలిసిన క్షణాన అడుగుతుంది. సూర్యాపేట సంగతి కూడా అంతే.

బహిరంగ స్థలాల్లో పొగ తాగరాదనే చట్టం మీకు చేసిన ఉపకారం ఇది. మీరు దాన్ని ఉపకారం అనుకోరు, విసుక్కుంటారు. అయినా, ‘నేను ఆగలేను’ అనే మాట అబద్ధమని రోజుకు నాలుగుసార్లు మీకే రుజువు చేస్తున్నది ఆ చట్టమే.

చట్టం ఎలా వచ్చింది?

నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో సినిమా హాల్లో ప్రొజెక్టరు వెలుగు వెంబడి పొగ మెలికలు తిరుగుతూ కనిపించేది. రైలుపెట్టెలో, గుమాస్తా బల్ల దగ్గర, ఆఖరికి డాక్టరు గది బయట బెంచీ మీద కూడా కాల్చేవారు. పెట్టె మీద హెచ్చరిక అచ్చువేయాలని 1975లోనే చట్టం చేశారు కాని, దాన్ని చదివి పారేసినవారు తక్కువ. బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని కేరళ హైకోర్టు 1999లో నిషేధించింది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్పత్రులు, బడులు, కచేరీలు, బస్సులు, రైళ్ళలో దేశమంతటా నిషేధించమని ఆదేశించింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, హోటళ్ళు, సినిమా హాళ్ళు, ఆఫీసులతో సహా కట్టుదిట్టమైన నిబంధనలు అమలులోకి వచ్చాయి. జరిమానా 200 రూపాయల దాకా వేయవచ్చు. మన ఊళ్ళలో ఈ జరిమానా కట్టిన మనిషిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అయినా హాల్లో పొగ పోయింది, బస్సులో పోయింది. పోలీసు వల్ల కాదు, పక్క సీటాయన ‘ఏమండీ’ అన్నందువల్ల. ఇదివరకు అలా అనే ధైర్యం ఆయనకు ఉండేది కాదు.

ఇలాంటి నిషేధం వల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అని నన్ను చాలామంది అడుగుతారు. స్కాట్లండులో 2006 మార్చిలో మూసి ఉన్న బహిరంగ స్థలాలన్నింటిలో పొగ నిషేధించారు. అక్కడి తొమ్మిది ఆస్పత్రుల్లో నిషేధానికి ముందు పది నెలలు, తర్వాత అవే పది నెలలు గుండెపోటు, గుండెనొప్పి లక్షణాలతో చేరినవారిని లెక్కించారు. నూటికి 17 మంది తగ్గారు. అదే కాలంలో, ఇంకా నిషేధం రాని ఇంగ్లండులో తగ్గింది నూటికి నలుగురే. ఇందులో నన్ను ఆపి ఆలోచింపజేసిన అంకె వేరే ఉంది. అలా తగ్గినవారిలో మూడింట రెండు వంతులమంది పొగ తాగనివాళ్ళు! అంటే ఇన్నాళ్ళూ పక్కవాడి సిగరెట్టు వల్ల ఆస్పత్రికి వస్తూ, ఎందుకు వస్తున్నామో తెలియకుండా ఉన్నవాళ్ళన్నమాట.

చట్టం ఆగిపోయే గడప

ఆ చట్టం మీ గడప దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో మీరు ఏం చేసినా అడిగేవారు లేరు. 2016-17లో దేశమంతటా ప్రభుత్వం జరిపించిన సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి సుమారు 39 మంది తమ ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నారని తేలింది. ఆఫీసుల్లో పీల్చేవారి సంఖ్య ఇంతకంటె తక్కువ.

మా ఆస్పత్రికి ఒకామె వచ్చేది. నలభై ఏళ్ళు నిండలేదు. చలికాలం వస్తే చాలు, రాత్రి రెండింటికి ఆటోలో తీసుకొచ్చేవారు. ఛాతీలో పిల్లికూతలు గది బయటికి వినిపించేవి. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగేది. నెబ్యులైజరు పెట్టి, సూదిమందు ఇచ్చి, తెల్లవారేదాకా ఉంచుకుని పంపేవాళ్ళం. భర్త మంచివాడు. ఏ మందు రాస్తే ఆ మందు ఆ పూటే కొనేవాడు. భార్య ముక్కుకు మాస్కు పెట్టగానే తాను గేటు బయటికి వెళ్ళి సిగరెట్టు ముట్టించేవాడు. ఆస్పత్రి ఆవరణలో కాల్చకూడదు గదా, అందుకని గేటు బయట! చట్టాన్ని అంత బుద్ధిగా పాటించే మనిషి, ఇంట్లో రెండు గదుల వాటాలో రోజుకు పది కాల్చేవాడు.

‘కిటికీ దగ్గర నిలబడే కాలుస్తానండీ. ఫ్యాను కూడా వేస్తాను’ అన్నాడు.

ఫ్యాను పొగను బయటికి పంపదు, ఇల్లంతా సమంగా పంచుతుంది. కళ్ళకు పొగ కనిపించకపోయినా దాని రసాయనాలు దుప్పట్లకు, తెరలకు, బట్టలకు పట్టుకుని గంటల తరబడి ఉంటాయి. సిగరెట్టు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సరు కలిగించేవి. కాలుతున్న కొసనుంచి నేరుగా గదిలోకి వెళ్ళే పొగ ఫిల్టరులోంచి కూడా రాదు. జపానులో హిరయామా అనే వైద్యుడు, తాము పొగ తాగని 90,000 మందికి పైగా ఇల్లాళ్ళను 14 ఏళ్ళపాటు గమనించి 1981లో చెప్పినదేమంటే, భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదం అంత ఎక్కువ. పసిపిల్లలున్న ఇల్లయితే పిల్లలకు చెవిపోటు, నిమ్ము, ఉబ్బసం. గర్భిణి ఉంటే బిడ్డ బరువు తక్కువగా పుట్టడం.

ఇవన్నీ ఆయనకు చెప్పాను. ఆయన ఒక్కసారిగా మానలేదు. ముందు ఇంట్లో కాల్చడం మానాడు. చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వీధి చివరి దాకా వెళ్ళి కాల్చి రావాలని నియమం పెట్టుకున్నాడు. ప్రతిసారీ చొక్కా ఎవరు వేసుకుంటారు? పది కాస్తా నాలుగయ్యాయి. ముందటి చలికాలంలో ఐదుసార్లు రాత్రివేళ వచ్చిన ఆమె, ఆ చలికాలంలో ఒక్కసారే వచ్చింది. పూర్తిగా మానడానికి ఆయనకు ఇంకో ఏడాదిన్నర, మూడు ప్రయత్నాలు పట్టాయి. నా రోగుల్లో ఇది మామూలే. మొదటి ప్రయత్నంలోనే మానినవారు కొద్దిమందే.

ఎవరి కారణం వారిది

ముప్పై ఏళ్ళుగా క్యాన్సరు పేరు చెప్పి భయపెడుతున్నాను. ఆ భయంతో మానినవారు నాకు పెద్దగా తారసపడలేదు. క్యాన్సరు ఇరవై ఏళ్ళ తర్వాతి మాట. సిగరెట్టు ఇప్పటి మాట. పైగా ‘మా తాత తొంభై ఏళ్ళు చుట్ట కాల్చాడు’ అని ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది. అరవైకే పోయిన తాతల కథలు ఎవరూ చెప్పరు. మానినవాళ్ళను ‘ఎందుకు మానారు?’ అని అడిగితే చాలా చిన్న కారణాలు చెబుతారు.

ఒక ఆఫీసు సూపరింటెండెంటుకు రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నాయి. ఆరేళ్ళు చెప్పినా వినలేదు. ఆఫీసులో కాల్చకూడదన్నప్పటినుంచి సైకిలు స్టాండు వెనక్కి వెళ్ళి కాల్చేవాడు. ఒకరోజు వాన. తడుస్తూ గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, తన కింద పనిచేసే అటెండరు గొడుగు తెచ్చి పట్టుకున్నాడట. ‘యాభై రెండేళ్ళవాణ్ణండీ. ఆ కుర్రాడు నామీద జాలిపడ్డాడు’ అన్నాడు నాతో. ఆ వారమే మానాడు. నేను రాసిన మందులు చేయలేని పని ఆ గొడుగు చేసింది.

ఒక దర్జీ సంగతి వేరు. ముప్పై ఆరేళ్ళకే కాలివేళ్ళు నల్లబడ్డాయి. పొగాకు వల్ల కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయే జబ్బు అది. దీన్ని బర్జర్స్ జబ్బు అంటారు. ఇందులో మందులకంటె, ఆపరేషనుకంటె పొగ మానడమే పెద్ద చికిత్స. మానకపోతే వేళ్ళతో మొదలై పాదం, పిక్క అలా తీసివేస్తూ పోవలసి వస్తుంది. రెండు వేళ్ళు తీసేశాక కూడా అతను బీడీ కాల్చాడు. కాలు పోతుందన్నా వినలేదు. ‘పోతే కుట్టుమిషను ఎలా తొక్కుతావు?’ అని వాళ్ళావిడ అడిగిందట. అప్పుడు ఆపాడు. మిగిలిన మూడు వేళ్ళతో ఇప్పటికీ తొక్కుతున్నాడు.

కుర్రవాళ్ళకు నేను చెప్పే కారణం ఇంకొకటి ఉంది. సిగ్గుపడకుండా చెప్పవలసిందే. కాళ్ళ రక్తనాళాలను మూసివేసే పొగే మగవాడి అంగానికి రక్తం తెచ్చే సన్నటి నాళాలను కూడా మూసివేస్తుంది. పటుత్వం తగ్గిందని రహస్యంగా నా దగ్గరికి వచ్చే నలభై ఏళ్ళలోపువారిని మొదట అడిగేది సిగరెట్టు సంగతే.

ఇంట్లో పదిహేనేళ్ళ కొడుకు ఉంటే అది కూడా కారణమే. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం గిరీశం దగ్గర నేర్చుకున్న విద్య చుట్ట కాల్చడం ఒక్కటేనని అందరం నవ్వుకున్నాం. మన పిల్లలకు గిరీశం బయటినుంచి రానక్కర్లేదు, వాలుకుర్చీలో నాన్నే ఉంటాడు.

అయ్యప్ప మాల వేసుకునేవారి గురించి కూడా ఇక్కడ చెప్పాలి. ప్రతి కార్తికంలో మన ఊళ్ళలో ఎంతమంది మాల వేసుకుంటారో మీకు తెలుసు. రోజుకు ముప్పై కాల్చేవాడు కూడా 41 రోజులు ముట్టడు. నా దగ్గర నికోటిన్ గమ్ము తీసుకోడు, మాత్ర అడగడు. మాల తీసిన సాయంత్రం మాత్రం బడ్డీకొట్టు దగ్గర కనిపిస్తాడు. డాక్టరుగా నాకు బాధ కలిగేది ఇక్కడే. నికోటిన్ మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి మొదటి రెండు మూడు రోజుల్లో విపరీతంగా ఉంటాయి. మూడు నాలుగు వారాల్లో చాలావరకు పోతాయి. అంటే 41వ రోజునాటికి ఆ స్వామి శరీరం బాకీ పూర్తిగా తీర్చేసింది. ఆ సాయంత్రం అతను కాల్చే సిగరెట్టు శరీరం అడిగినది కాదు. నియమం అయిపోయింది కనుక కాలుస్తున్నాడు, అంతే. బస్సులో ప్రయాణీకుడి లాగే. వచ్చే ఏడు మాల వేసుకునేవారు, మాల తీసే రోజుకు సొంత కారణం ఒకటి ముందే సిద్ధం చేసుకోండి. మీకంటె తేలికగా మానగలిగిన మనిషి ఇంకొకడు ఉండడు.

మానితే ఏమవుతుంది?

చివరి సిగరెట్టు తర్వాత ఒకటి రెండు రోజుల్లోపే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ పోతుంది. ప్రాణవాయువును మోయవలసిన ఎర్రకణాలు ఈ విషవాయువును మోయడం మాని తమ పని తాము చేసుకుంటాయి. కొద్ది రోజుల్లో పప్పుచారు వాసన తెలుస్తుంది. కొందరికి మొదటి వారాల్లో దగ్గు, కళ్ళె ఎక్కువవుతాయి. మానినందువల్లే జబ్బు చేసిందనుకుని మళ్ళీ మొదలుపెట్టకండి. ఇన్నాళ్ళూ పొగకు చచ్చుబడిన ఊపిరితిత్తులు తిరిగి ఊడ్చుకుంటున్నాయి, అంతే. ఏడాదికి గుండెజబ్బు అదనపు ప్రమాదం సగానికి తగ్గుతుంది. పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదం, ఇంకా కాలుస్తున్నవారితో పోలిస్తే సుమారు సగం.

లండనులో రిచర్డ్ డాల్ అనే వైద్యుడు క్యాన్సరు రోగులను ప్రశ్నలడుగుతూ, కారణం సిగరెట్టేనని 1950లో తన సహచరుడు హిల్‌తో కలిసి ప్రకటించాడు. డాల్ స్వయంగా పొగ తాగేవాడు. లెక్కలు పూర్తికాకముందే మానేశాడు. తర్వాత ఆయన బ్రిటిష్ డాక్టర్లను యాభై ఏళ్ళు గమనించి 2004లో వెలువరించిన లెక్క ఇది: జీవితాంతం కాల్చేవాడు సగటున పదేళ్ళు ముందు పోతాడు. 30 ఏళ్ళకు మానితే ఆ పదేళ్ళూ దక్కుతాయి. 40కి మానితే తొమ్మిది, 50కి ఆరు, 60కి మానినా మూడు. ‘ఈ వయసులో ఇంకెందుకండీ’ అనే పెద్దవారు ఆ చివరి అంకె చూడండి.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది. చెన్నైలో జరిపిన పెద్ద పరిశీలనలో, పొగ తాగే మగవారు క్షయతో చనిపోవడం తాగనివారికంటె దాదాపు నాలుగు రెట్లని 2003లో తేలింది. కాబట్టి ‘సిగరెట్టు దగ్గు’ అని తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. రక్తం పడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఎలా మానాలి?

ఒక తేదీ పెట్టుకోండి. పది, పదిహేను రోజుల్లోపు ఉండాలి. అంతకుమించితే అది ఎన్నటికీ రాదు. ముందురోజు రాత్రి పెట్టె, అగ్గిపెట్టె, యాష్‌ట్రే పారేయండి. తహతహ పుట్టినప్పుడు అది కొద్ది నిమిషాలకు మించి ఉండదు. ఆ కాస్తసేపూ లేచి నడవండి, నీళ్ళు తాగండి, నోట్లో సోపు గింజలో లవంగమో వేసుకోండి. వక్కపొడి వద్దు. జర్దా, గుట్కా అసలే వద్దు. అది ఊపిరితిత్తుల బాధను నోటికి మార్చుకోవడమే. ఎలక్ట్రానిక్ సిగరెట్ల అమ్మకాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు.

ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు. పొగ తాగేవారి కాలేయం కాఫీ, టీలలోని కెఫీనును త్వరగా ఖర్చుచేస్తుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గుతుంది. అవే నాలుగు కప్పుల కాఫీ ఇప్పుడు ఎనిమిది కప్పుల పని చేస్తుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం వస్తే అది సిగరెట్టు లేకపోవడం వల్లే అనుకుంటారు. కాఫీ సగానికి తగ్గించండి.

రోజుకు ఒకటి, రెండుకు తగ్గించానని సంతోషించేవారికి: గుండె విషయంలో ఈ లెక్క పనికిరాదు. ఇరవై కాల్చేవాడికి ఉండే అదనపు ప్రమాదంలో దాదాపు సగం ఒక్క సిగరెట్టు కాల్చేవాడికి కూడా ఉంటుందని 2018లో వెలువడిన పరిశోధన చెప్పింది. తగ్గించడం మానడానికి మెట్టయితే మంచిదే. అక్కడే కూర్చుంటే కాదు.

నిద్ర లేచిన అరగంటలోపు మొదటిది వెలిగించేవారికి నికోటిన్ పట్టు గట్టిది. వారు నికోటిన్ గమ్ము వాడవచ్చు. దాన్ని మామూలు చూయింగ్ గమ్ములా నమలకూడదు. నోట్లో చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. వాడే పావుగంట ముందునుంచి కాఫీ, టీ తాగితే అది పనిచేయదు. బ్యుప్రోపియాన్, వారెనిక్లిన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి కాని, వాటిని డాక్టరును అడిగే వాడాలి. మూర్ఛలు వచ్చేవారికి బ్యుప్రోపియాన్ ఇవ్వరు. డాక్టరు దగ్గరికి వెళ్ళే వీలు లేకపోతే 1800-11-2356కు ఫోను చేయండి. ఈ నంబరు సిగరెట్టు పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది, డబ్బు పడదు.

మానిన మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోల బరువు పెరగవచ్చు. సాయంత్రం అరగంట నడవండి. ఆ బరువుకు భయపడి మళ్ళీ మొదలుపెట్టేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇక ఇల్లాళ్ళకు రెండు మాటలు. మొదటి రెండు వారాలు ఆయన ప్రతిదానికీ విసుక్కుంటారు. కూరలో ఉప్పు ఎక్కువైందంటారు, పిల్లల మీద అరుస్తారు. ‘ఇంతకంటె కాల్చడమే నయం’ అని మాత్రం మీ నోటితో అనకండి. ఆయన ఎదురుచూసేది ఆ మాట కోసమే. చొక్కా జేబులు వెతకకండి, నోరు వాసన చూడకండి. పెళ్ళిలోనో, స్నేహితుల మధ్యనో ఒకటి కాల్చి వచ్చానని తనంతట తాను చెబితే, అంతా అయిపోయినట్టు దెబ్బలాడవద్దు. అది ఎక్కడ, ఎవరితో, ఏం తాగుతుండగా జరిగిందో అడిగి కాగితం మీద రాసిపెట్టండి. నా దగ్గరికో, మీ డాక్టరు దగ్గరికో వచ్చేటప్పుడు ఆ కాగితం తెండి, మాకు ముందుగా కావలసింది అదే.